పైకి పంపే వాటా ఎందుకు? చర్చి లెక్కలు చూసినోళ్లు జర చెప్పుండ్రి

కాజీపేట ట్రెజరర్ (ప్రశ్న)

అందరికీ వందనాలు. మాది కాజీపేట దగ్గర చిన్న మెథడిస్టు సంఘం. 62 కుటుంబాలు. రైల్వేల పనిచేసి రిటైరైనోళ్లు కొందరు, మిగతావాళ్లంత ఆటో నడిపేటోళ్లు, మేస్త్రీ పనికి పోయేటోళ్లు, బట్టల దుకాణాలల్ల పనిచేసే పిల్లలు. నేను హన్మకొండల ఒక ప్రైవేటు స్కూల్ల లెక్కలు చెప్త. లెక్కల సారు కదా అని మొన్న జనవరిల నన్ను ట్రెజరర్‌ను చేసిండ్రు. పాత ట్రెజరర్ తాత ఒక రేకుపెట్టె, మూడు రసీదు బుక్కులు, అట్ట ఊడిన ఖాతా బుక్కు నా చేతిల పెట్టి "ఇగ నీదే భారం బిడ్డా" అని పోయిండు.

నెలకు కానుకలు, దశమభాగాలు, కృతజ్ఞతార్పణలు అన్ని కలిపితే సుమారు 41,000 వస్తున్నయి. పాస్టరయ్య జీతం, కరెంటు, ఊడ్చే అమ్మ, ప్రభువు బల్ల సామాను (రొట్టె, ద్రాక్షరసం), మైకు సెట్టు, అన్నిటికి పోను 6,000 మిగుల్తయి. రేకుపెట్టె అడుగున ఒక కాగితం దొరికింది. పై ఆఫీసుకు మేం పంపాల్సిన వాటా ఏడాదికి 72,000 అని ఉంది. అంటే నెలకు సరిగ్గ ఆ 6,000. పోయినేడు మావాళ్లు పంపింది 30,000 మాత్రమే. 42,000 బాకీ.

ఇటు చూస్తే చర్చి స్లాబు కారుతుంది. పోయిన వానకాలం ప్రసంగ పీఠం పక్కపొంటి బకెట్ పెట్టినం. బల్ల ఆరాధన నాడు పాస్టరయ్య రొట్టె విరుస్తుంటే బకెట్ల చుక్క పడ్డ చప్పుడు ఆఖరు బెంచీ దాంక వినవడ్డది. మేస్త్రి 1,60,000 అయితదన్నడు.

కమిటీల ఒక పెద్దమనిషి లేచి "మన ఇల్లు కారంగ ఊరోళ్ల ఇల్లు కప్పుతమా?" అన్నడు. ఇంకొకాయన "అమెరికా నుంచి కోట్లు వస్తయి, మన ఆరు వేలు వాళ్లకొక లెక్కనా?" అన్నడు. నాకు జవాబు రాలే. ఖాతా బుక్కు మూసి కూసున్న.

ఈ వాటా దేనికి పోతది? కట్టకపోతే ఏమైతది? మావాళ్లకు ఏం చెప్పాలె? తెలిసినోళ్లు చెప్పుండ్రి.

హన్మకొండ యూత్

అన్నా, పంపకుండ్రి. మా దగ్గర రెండేండ్లు లెక్క అడిగినం. పంపిన పైసలు ఎటుపోయినయో ఒక్క కాగితం రాలే. దేవుని పైసలకు లెక్క చెప్పనోళ్లకు ఎందుకియ్యాలె? ముందు స్లాబు వేసుకోండ్రి. వానకు తడిసే ముసలోళ్లు కూడ దేవుని బిడ్డలే గదా.

గార్డు తాత, కరీంనగర్

తమ్ముడూ, నేను గూడ్స్ గార్డుగా రిటైరైన. మా సంఘంల 19 ఏండ్లు ట్రెజరర్‌గా చేసిన. ఇప్పుడు కరీంనగర్‌ల బిడ్డ దగ్గర ఉంటున్న. జర పొడుగు రాస్త, ఓపికతోని చదువు. హన్మకొండ తమ్ముడు కోపంతోని రాసిండు గని ఆ కోపంల నిజముంది. దానికి చివర వస్త.

ముందుగాల అమెరికా ముచ్చట తేల్చుకుందాం, ఎందుకంటే ప్రతి కమిటీల ఎవరో ఒకరు ఆ మాట అంటరు. 1856ల విలియం బట్లర్ అనే మిషనరీ వచ్చి బరేలీ దిక్కు మొదలువెట్టిన పని మన మెథడిస్టు సంఘానికి మూలం. చాన ఏండ్లు మనం అమెరికా సంఘానికి కొమ్మ లెక్కనే ఉన్నం. 1981 జనవరి 7 నాడు మద్రాసుల మెథడిస్ట్ చర్చ్ ఇన్ ఇండియా స్వతంత్ర సంఘంగ నిలబడ్డది. అప్పటిసంది మన నిబంధనల పుస్తకం మనది, మన జనరల్ కాన్ఫరెన్స్ (సంఘాల ప్రతినిధులు కూసుండి నిర్ణయాలు చేసే పెద్ద సభ) మనది, మన ఖర్చు మనది. వాళ్లు ప్రేమతోని ఏదన్న పనికి సాయం పంపితే పంపొచ్చు, అది వేరే. దాని మీద సంసారం నడవది.

పైగా 2020ల విదేశీ విరాళాల చట్టం మార్చిండ్రు. బయటి దేశం పైసలు తీసుకున్న సంస్థ వాటిని ఇంకో సంస్థకు పంచియ్యరాదు. ఆ పైసలు ఢిల్లీల స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిల తెరిచిన ఖాతాలనే పడాలె. ఆఫీసు ఖర్చులకు ఇదివరకు 50 శాతం దాంక వాడుకోవచ్చు, ఇప్పుడు 20 శాతమే. అమెరికా కోట్లు అన్నాయనకు ఇది మెల్లగ చెప్పు. అమెరికా కోట్ల మీద ఆశ పెట్టుకుంటే మన ఊర్లల్ల పనిచేసే పాస్టర్లు ఉపాసముండాలె.

ఉపాసం అన్న మాట ఊకె అనలేదు. చెప్త విను.

2003ల మా సంఘం కాంపౌండు గోడ కట్టుకున్నది. పైసలు తక్కువపడ్డయి. ఆ ఏడు పంపాల్సిన వాటా ఆపి గోడల పెడదామని అన్నదెవరో కాదు, నేనే. "ఒక్క ఏడే గదా, వచ్చే ఏడు కలిపి కడదాం" అన్న. అందరు సరే అన్నరు. గోడ లేసింది. గేటు పక్కన నల్లరాయి మీద కమిటీ పేర్లు చెక్కిచ్చినం, నా పేరు మూడోది.

ఆ తర్వాత ఈస్టరుకు ముందటి శ్రమదినాలల్ల పరకాల అవతల ఒక ఊర్ల కూటాలుంటే నేను పోయిన. ఆ ఊరి పాస్టర్ మూడు ఊర్లు చూస్తుండె. ఆ మూడు ఊర్లు కలిపినా ఒక మనిషి జీతం ఎల్లది, జిల్లా నుంచి వచ్చే సాయం తోనే ఆయన బతుకు. రాత్రి కూటమైనంక ఆయన లెక్కల బుక్కు చూపిచ్చిండు. పిల్లలు బడికి తీసుకపోయే నలభై పేజీల నోటుబుక్కు. ఒక్కొక్క ఆదివారం ఎదురుంగ కానుక రాసుకున్నడు: 11 రూపాయలు, రెండు సేర్ల బియ్యం. 7 రూపాయలు, నాలుగు గుడ్లు. అక్షరాలు ముత్యాల లెక్క ఉన్నయి. ఆఖరు పేజీల "జిల్లా నుంచి" అని ఒక గడి. నవంబరు, డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి. నాలుగు నెలల ఎదురుంగ నాలుగు అడ్డగీతలు.

ఆయన నన్ను ఏం అనలే. మా గోడ సంగతి ఆయనకు తెల్వదు కూడ. "పై నుంచి జర ఆలస్యమైతుంది అన్నా, వస్తయి" అన్నడు. అమ్మగారు ఆ కానుక గుడ్లల్ల రెండు ఉడికిచ్చి నా పళ్లెంల పెట్టింది. వాళ్ల పిల్లగాడు దర్వాజల నిలవడి చూస్తున్నడు. నేను ఒకటి తీసి వానికిచ్చిన. ఇంకోటి గొంతు దిగలే.

మా ఒక్క సంఘం ఆపితేనే ఆ నాలుగు గీతలు పడ్డయా అంటే కాదు. మాలాంటోళ్లు ఇంకో నలుగురు ఆపి ఉంటరు. గని ట్రెజరర్ కండ్లతోని చూస్తే ఆ గీతలల్ల మా గోడ అవుపిచ్చింది. ఇంటికొచ్చి గేటు తీసుకోని లోపలికి పోవుడు కూడ కష్టమైంది.

అప్పటిదాంక వాటా అంటే కింది నుంచి పైకి పోయే పన్ను అనుకున్న. ఆ రాత్రి తెలిసింది, అది పైకి పోయి మళ్ల అడ్డంగ పక్క ఊరికి దిగుతదని. మా వాటా కాగితంల రిటైరైన పాస్టర్ల పింఛను ఉండె, చనిపోయిన పాస్టర్ల భార్యలకు నెలనెలా ఇచ్చేది ఉండె, పాస్టర్లయ్యేటందుకు సెమినరీల చదివే పిల్లల ఫీజు ఉండె, జిల్లా సంఘాలను చూసే డిస్ట్రిక్ట్ సూపరింటెండెంట్ అయ్యగారి తిరుగుడు ఖర్చు ఉండె, చిన్న ఊర్ల పాస్టర్ల సాయం ఉండె. నీ కాగితంల కూడ తీరుతీరు గడులుంటయి. లేకపోతే విడగొట్టి పంపుమని అడుగు. 72,000 అని ఒక్క అంకె చూస్తే ఎవరికైనా కడుపు మండుతది. దాంట్ల ఇంత ఒక ముసలి పాస్టరమ్మ మందులకు అంటే ఇంకోతీరుగ వింటరు.

ఇంకొకటి. మన మెథడిస్టుల క్లాస్ మీటింగు పుట్టిందే బాకీ తీర్చే కాడ. 1742 ఫిబ్రవరిల ఇంగ్లండ్‌ల బ్రిస్టల్ పట్నంల ఆరాధన మందిరం కట్టిన అప్పు ఎట్ల తీర్చాలె అని మెథడిస్టు ఉద్యమం మొదలువెట్టిన జాన్ వెస్లీ అందరిని కూసోపెట్టి అడిగిండు. ప్రతి సభ్యుడు వారానికి ఒక పెన్నీ ఇద్దాం అన్నరు. అంత కూడ ఇయ్యలేని బీదోళ్లు ఎంతోమంది ఉన్నరు గదా అని మాట వచ్చింది. అప్పుడు కెప్టెన్ ఫాయ్ అనే ఆయన లేచి, అందరికన్న బీదోళ్లను 11 మందిని నాకు అప్పగియ్యుండ్రి, వారం వారం వాళ్లింటికి పోత, ఇస్తే తెస్త, ఇయ్యలేకపోతే వాళ్ల వంతు నేనే కడత అన్నడు. అట్ల పన్నెండేసి మందికి ఒక నాయకుడు, వారానికొకసారి ఇంటికి పోవుడు మొదలైంది. పైసలకు పోయిన మనిషి ఇంట్ల జరం, కొట్లాట, కన్నీళ్లు చూసిండు. అదే పరామర్శ అయింది, ప్రార్థన అయింది. ఇయ్యగలిగినోడు ఇయ్యలేనోని వంతు మోసుడు. మన వాటా పద్ధతికి మూలం అదే అని నేను నమ్ముత. ఈ ముచ్చట నేను మా కమిటీల చెప్పిన తర్వాత, వాటా కాగితం మీద గునిసిన ఒకాయనే పక్క ఊరి సంఘం వంతు కూడ జర కలిపి పంపుదామన్నడు.

ఇప్పుడు పని కాడికి వద్దాం. డిసెంబరు దాంక ఆగకు. నెల మొదటి ఆదివారం కానుక లెక్కవెట్టంగనే ముందు ఆరు వేలు పక్కకు తియ్యి. ఆఖరుకు మిగిలింది పంపుదామంటే ఏనాడూ మిగలది, ఇది నా 19 ఏండ్ల అనుభవం. చెక్కు గాని బ్యాంకు ద్వారా గాని పంపు, నగదు ఎవరి చేతికీ ఇయ్యకు, ఎంత నమ్మకస్తుడైనా సరే. రసీదు రాంగనే ప్రకటనల టైముల నిలవడి చదువు. "ఈ నెల మన సంఘం పంపింది ఆరు వేలు, రసీదు నంబరు ఇంత" అని. పాత బాకీ దాసిపెట్టకు. మా స్లాబు కారుతుంది, మూడేండ్లల్ల కొంచెం కొంచెం తీరుస్తం అని కమిటీ సంతకాలతోని ముందే ఉత్తరం రాయి. అడిగినోళ్లకు వెసులుబాటు ఇచ్చుడు నేను చూసిన. అడగకుండ ఎగ్గొట్టినోళ్ల మీదనే చెడ్డపేరు వస్తది.

స్లాబును వాటాతోని ముడివెట్టకు. దానికి కోత పండుగ ఉంది, పంట, కోళ్లు కానుకగ తెచ్చి వేలం పాడేది. మా సంఘంల ఒకసారి గోడకు పాకిన తీగకు కాసిన ఒక్క గుమ్మడికాయ వేలంల మూడుసార్లు అమ్ముడువోయింది. కొన్నాయన మళ్ల కానుకగ ఇచ్చుడు, మళ్ల పాట పాడుడు. ఆఖరుకు 2,300కు ఒక ముసలమ్మ పాడుకొని పాస్టరయ్య ఇంటికి పంపిచ్చింది. డబ్ల్యూఎస్‌సీఎస్ (సంఘంల ఆడోళ్ల సమాజం) అక్కచెల్లెండ్లకు ఆ పని ఒప్పజెప్పు, మగోళ్ల కమిటీ కన్న వాళ్లు తొందరగ జమ చేస్తరు. మా అమ్మ కాలంల పొయ్యి మీద ఎసరు పెట్టే ముందు ఒక పిడికెడు బియ్యం తీసి గురిగిల వేసేది. ఆదివారం ఆ గురిగి కొంగు కింద పట్టుకొని చర్చికి నడిచేది. ఇంట్ల బియ్యం తక్కువున్న దినం పిడికిలి చిన్నగైతదేమో గని ఆగకపోయేది.

హన్మకొండ తమ్ముడూ, నీ మాటకొస్త. మాకూ ఒక ఏడు లెక్క రాలే, రెండో ఏడు రాలే. మేం వాటా ఆపలే గని ముగ్గురం సంతకం పెట్టి రిజిస్టర్ పోస్టుల ఉత్తరం పంపినం: ఏ పద్దు కింద ఎంత ఖర్చయింది, ఆడిట్ ఎవరు చేసిండ్రు చెప్పుండ్రి అని. జవాబు రాలే. రెండోది పంపినం. కాన్ఫరెన్స్‌ల మా ప్రతినిధి లేచి అడిగిండు. ఏడు నెలలకు నాలుగు పేజీల లెక్క వచ్చింది. అన్నీ సంతృప్తిగ లేకుండె, అయినా వచ్చింది. లెక్క అడుగుడు తిరుగుబాటు కాదు, ఇచ్చినోని హక్కు. అయితే పంపుకుంట అడిగినోని మాటకు బలం ఉంటది.

డాలస్ నర్సు

తాతయ్యా, మీ పోస్టు డ్యూటీ నుంచి వచ్చి చదివాను. ఆ నోటుబుక్కు గీతల దగ్గర ఆగిపోయాను.

నేను హన్మకొండలో బాప్టిస్టుల ఇంట్లో పుట్టి పెరిగాను. మాకు ప్రతి సంఘం దేనికదే. ఇక్కడ పెళ్లయ్యాక యునైటెడ్ మెథడిస్ట్ సంఘంలో చేరి, ఇప్పుడు మా చర్చి ఫైనాన్స్ కమిటీలో ఉన్నాను. కాబట్టి అమెరికా సంగతి నేను చెప్తాను.

ఇక్కడ ఈ వాటాని అపోర్షన్‌మెంట్ అంటారు. జనరల్ కాన్ఫరెన్స్ నాలుగేళ్ల బడ్జెట్ వేస్తుంది, అది ప్రాంతాల కాన్ఫరెన్సులకు, అక్కడి నుంచి ఒక్కో సంఘానికి పంచుతారు. మా దగ్గర సంఘం ఖర్చును బట్టి లెక్క కడతారు. పై స్థాయిలో ఏడు నిధులున్నాయి. అందులో ఒకటి పాస్టర్ల చదువుకి, దానిలో నాలుగో వంతు ప్రాంతంలోనే ఉంటుంది. ఇంకొకటి 1972లో పెట్టింది, నల్లజాతి విద్యార్థుల కోసం పుట్టిన 11 కాలేజీలకు పోతుంది. మరొకటి జింబాబ్వేలోని ముతారేలో 1992లో తెరిచిన ఆఫ్రికా యూనివర్సిటీకి. బిషప్పుల జీతాలకు వేరే నిధి ఉంది. కట్టకపోతే కోర్టుకు లాగరు, చర్చికి తాళం వేయరు. కానీ వార్షిక కాన్ఫరెన్స్‌లో ఏ సంఘం ఎంత శాతం కట్టిందో అందరికీ కనిపిస్తుంది.

కాజీపేట తమ్ముడూ, మీ కమిటీలో అమెరికా కోట్లు అన్న ఆయనకి ఇది కూడా చెప్పు. 2019 నుంచి 2023 లోపల ఇక్కడ 7,600కి పైగా సంఘాలు విడిపోయాయి, దాదాపు నాలుగో వంతు. 2017–2020 కి పై బడ్జెట్ సుమారు 60 కోట్ల 40 లక్షల డాలర్లు. 2024లో షార్లెట్‌లో జరిగిన జనరల్ కాన్ఫరెన్స్ 2025–2028 కి ఆమోదించింది సుమారు 37 కోట్ల 34 లక్షలు. ఇక్కడా ఉద్యోగాలు పోయాయి, పనులు తగ్గాయి. పక్క సంఘం వెళ్లిపోయినప్పుడు దాని వంతు మోసేవాళ్లు లేకపోవడం అంటే ఏమిటో మా కమిటీ బల్ల దగ్గర చూశాను.

మా ఫైనాన్స్ చైర్ ఒక రిటైర్డ్ టీచర్ ఆవిడ. ప్రతి నెలా ఒక్క నిధి గురించి రెండు నిమిషాలు చెప్తుంది, అంతే. ఒకసారి ఆ కాలేజీల్లో చదివిన నర్సు మా చర్చిలోనే ఉందని తెలిసి ఆమెనే మాట్లాడించింది. మా వార్డులో నా పక్కన పనిచేసే అమ్మాయే. మూడేళ్లుగా కలిసి భోంచేస్తున్నాం, నాకే తెలియదు.

నిజామాబాద్ నుంచి

మేం సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం). మా తాతల కాలంల మేం కూడ మెథడిస్టులమే, ఇంగ్లండ్ వెస్లియన్ల పనిల పుట్టినోళ్లం. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడ్డప్పుడు వెస్లియన్లు దాంట్ల కలిసిండ్రు, అమెరికా మెథడిస్టులు కలవలే. అందుకే తెలంగాణల మెథడిస్టు పేరు రెండు తీర్ల వినపడ్తది. మా దగ్గర వాటాను అసెస్‌మెంట్ అంటరు, పేరు వేరు గని బాధ ఒక్కటే.

ఒక్క మాట కలుపుత. మెదక్ చర్చి 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ చేసిండ్రు, కరువుల పోస్నెట్ దొర అనే మిషనరీ కూలీలకు తిండి పెట్టుకుంట కట్టిచ్చిన గుడి అని అందరికి ఎరుకే. మా డిచ్‌పల్లి ముచ్చట తక్కువమందికి తెలుసు. అక్కడ కుష్ఠు రోగుల దవాఖాన 1915ల డాక్టర్ ఇసబెల్ కెర్ మొదలువెట్టింది. ఆమెకు పైసలు ఇచ్చినోళ్లల్ల నర్సాగౌడ్ అనే హిందూ దాత ఉన్నడు. ఇంగ్లండ్‌ల చిన్న చిన్న చర్చీల చందాలు, ఇక్కడి గౌడ్ పైసలు ఒక్క కాడ కలిసినయి. మా నాయనమ్మ చెల్లె ఆ దవాఖానల బాగై ఇంటికొచ్చి 70 దాటిందాంక బతికింది. ఆమె వేళ్లు వంకర ఉండేటియి, అయినా మాకు జడలేసేది. ఇంగ్లండ్‌ల ఏ ఊరోళ్ల చందాతోని ఆమె బతికిందో ఆమెకు తెల్వదు, మాకూ తెల్వదు.

కాజీపేట ట్రెజరర్

అందరికీ మళ్లోసారి వందనాలు. తాతా, అక్కా, అన్నా, మీరు రాసింది ప్రింటు తీసి కమిటీకి తీసుకపోయిన. నిన్న ఆరాధన అయినంక కూసున్నం.

మా స్కూల్ నుంచి చిన్న బోర్డు తెచ్చి దాని మీద 41,000 రాసి ఒక్కొక్క పద్దు తీసివేసుకుంట పోయిన. మైకు సెట్టు కాడ ఆగినం. నెలకు 1,500 కిరాయి కడుతున్నం, ఐదేండ్ల సంది. మా యూత్ పిల్లగాడు ఒకడు "ఆ కిరాయి పైసలతోని సెట్టే కొనొచ్చు సార్" అన్నడు. వాళ్ల మామ తన దగ్గరున్న పాతది బాగుచేపిచ్చి ఇస్తనన్నడు. బాకీకి అక్కడ్నే దారి దొరికింది. మూడేండ్లల్ల ఏడాదికి 14,000 చొప్పున తీరుస్తమని ఉత్తరం రాసినం, ఏడుగురు సంతకం పెట్టిండ్రు. వాటాను పద్దుల వారీగ విడగొట్టి పంపుండ్రి, పోయినేటి ఆడిట్ లెక్క కూడ పంపుండ్రి అని దాంట్లనే అడిగినం.

"మన ఇల్లు కారంగ" అన్న పెద్దమనిషి చాన సేపు మాట్లాడలే. తాత రాసిన నోటుబుక్కు ముచ్చట నేను చదువుతుంటే తల కిందికి ఏసుకున్నడు. తర్వాత లేచి "మా నాయన కూడ అట్లాంటి ఊర్లనే బాప్తిస్మం తీసుకున్నడు, ఆ పాస్టర్‌కు జీతం ఎవలిచ్చిండ్రో ఎన్నడు ఆలోచన చెయ్యలే" అన్నడు. స్లాబు మొత్తం కాకుండ ముందు పీఠం మీద దిక్కు వేపిద్దామని ఆయనే చెప్పిండు. మేస్త్రి దానికి 58,000 అన్నడు. కోత పండుగకు డబ్ల్యూఎస్‌సీఎస్ అక్కలు పేర్లు రాసుకుంటున్నరు. ఇప్పటికి రెండు గొర్రెలు, పదకొండు కోళ్లు, ఒక సంచి సోనామసూరి.

మొదటి ఆరు వేల చెక్కు రాద్దామంటే ఏ పేరు మీద రాయాల్నో కాగితంల లేదు. డీఎస్ (డిస్ట్రిక్ట్ సూపరింటెండెంట్) ఆఫీసుకు ఫోన్ చేసిన, సోమవారం చెప్తమన్నరు. చెప్పంగనే పంపి రసీదు నంబరు ఇక్కడ కూడ పెడత.